ఎండబెట్టిన మిష్‌మిష్ పండ్లు

తిరుపాలమ్మది రాయచోటి పక్క పల్లె. కువైట్ రాకముందు ఆమెకు బాగా తెలిసిన పండ్లు నాలుగు: మామిడి, సీతాఫలం, రేగు, చింత. చింతను పండు కింద లెక్కేయకపోతే మూడే. అలాంటి మనిషి సాల్మియా పేటలో తెల్లదొరల ఇంట్లో, అల్మారా నిండా పండ్లను సారాయిలో ఊరబెట్టే పనిలో కుదురుకుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆమె ఎవరికీ చెప్పలేదు కాబట్టి నమ్మించాల్సిన బాధా లేకపోయింది.

ఆ దేశంలో మందు కొనకూడదు, అమ్మకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. పట్టుబడితే జైలు, ఆపైన విమానం. ఇది అందరికీ తెలుసు, దొరలకు ఇంకా బాగా తెలుసు. అయినా శుక్రవారం వచ్చేసరికి వాళ్ళ గొంతులు ఎండిపోతాయి. నూనె కంపెనీలో ఇంజనీరుగా చేసే సార్, తన స్నేహితుడి ఇంటి నుంచి నీళ్ళ డబ్బాలో ఒక సరుకు తెచ్చేవాడు. చూడటానికి నీళ్ళే, మూత తీస్తే ఆసుపత్రి వాసన. దాన్ని వాళ్ళు ఫ్లాష్ అనేవాళ్ళు. ఉన్నదున్నట్టు తాగితే గొంతు కోసుకుపోతుంది గనక మేడమ్ దానికి పండ్లు జతచేసేది. నారింజ తొక్క ఒక జాడీలో, దానిమ్మ గింజలు ఒక దాంట్లో, ఎండాకాలం మొదట్లో వచ్చే పసుప్పచ్చటి ఆప్రికాట్లు, అంటే అక్కడి మిష్‌మిష్ పండ్లు ఇంకో దాంట్లో. పండు కడగాలి, తుడవాలి, ముళ్ళ చెంచాతో పొడవాలి, చక్కెర పోయాలి, మునిగేదాకా ఫ్లాష్ పోసి మూత బిగించాలి. ఆ తర్వాత నలభై రోజులు చీకటి అల్మారాలో ఉంచి, రోజుకొకసారి ఊపాలి. ఆ ఊపే పని తిరుపాలమ్మది.

ఆమెకిది కొత్త విద్య అనిపించలేదు. జాడీలో ముక్క వేసి, మునిగేదాకా ఏదో పోసి, నలభై రోజులు ఆగితే దాన్ని ఊరగాయ అనే అంటారు. ఉప్పుకు బదులు చక్కెర, నూనెకు బదులు ఫ్లాష్, అంతే తేడా. అందుకే ఊరగాయకు పాటించే మడి అంతా ఆ జాడీలకూ పాటించింది. ఒకసారి సార్ తడి చేత్తో మూత పట్టుకోబోతే "నో సార్!" అని అడ్డం పడింది. నెలలో ఆ మూడు రోజులు ఆ అల్మారా ఛాయలకు కూడా పోయేది కాదు. ఇరవై ఏడు రోజులు గడియారం మాదిరి పనిచేసే మనిషి, మూడు రోజులు జాడీల ముఖం ఎందుకు చూడదో మేడమ్‌కు అంతుబట్టలేదు. అడిగితే తిరుపాలమ్మ "టుమారో మేడమ్" అనేది. ఇద్దరి మధ్యా నడిచే ఇంగ్లీషు ముప్పై మాటలు. అందులో ఈ సంగతికి సరిపడేది ఒక్కటీ లేదు.

మొదట్లో ఒక పొరపాటు చేసింది. చేరిన కొత్తలో, అంటే ఎనభై ఒకటిలో, మేడమ్ ఒక నారింజ జాడీ చేతికిచ్చి సెలవుకు తమ దేశం పోయింది. చీకట్లో పెడితే ఊరగాయ ఊరుతుందా? ఎండ తగలని నిమ్మకాయను ఎవరు తింటారు? తిరుపాలమ్మ మూత తీసి, పాత చీర గుడ్డతో వాసెన కట్టి, మేడ మీద ఎండలో పెట్టింది. ఆగస్టు ఎండ. వారం పాటు పొద్దున పెట్టి సాయంత్రం దించింది. తర్వాత సార్ నలుగురిని పిలిచి గ్లాసుల్లో పోస్తే, వాళ్ళు ఒక గుక్క తాగి ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. నారింజ వాసనేసే తియ్యటి నీళ్ళు తప్ప జాడీలో ఏమీ మిగల్లేదు. సార్ తిట్టలేదు. మేడ వైపు చూపించాడు, వీధి వైపు చూపించాడు, తర్వాత రెండు మణికట్లూ దగ్గర పెట్టి బేడీలు వేసినట్టు చూపించాడు. ఆ వాసన ఎవరి ముక్కుకైనా తగిలుంటే ఏమయ్యేదో ఆమెకు అర్థమైంది. దాంతోపాటు ఇంకొకటి కూడా అర్థమైందనుకుంది: ఈ దేశపు ఎండ సారాయిని చుక్క మిగలకుండా పీల్చేస్తుంది. ఆ ముక్క మనసులో గట్టిగా నాటుకుంది.

సారాయి వాసన తగిలినప్పుడు ఆమెకు మొగుడు గుర్తొచ్చేవాడా అంటే, రావాలి మరి. గంగులయ్య డెబ్బై ఎనిమిదిలో సంతకు పోయి సారాయి తాగి చచ్చిపోయాడు. అది కల్తీ సరుకు. అదే కుండలోది తాగిన ఇద్దరు మధ్యాహ్నమే పడిపోయారని అమ్మేవాడికి తెలుసు. తెలిసీ గంగులయ్యకు పోశాడు. కబురు తెచ్చినప్పుడు తిరుపాలమ్మ శనక్కాయలు చెరుగుతోంది. చేటలో ఉన్నవి చెరగడం పూర్తిచేసి లేచింది. శవం దగ్గర ఏడవలేదు, దినాల్లో ఏడవలేదు. ఊరంతా రాతి గుండె అంది. అది రాయీ కాదు, రప్పా కాదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఉంటుంది గానీ మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు ఒళ్ళంతా అలా ఉండేది. ఆ మందు ఎంతకీ దిగలేదు. ఏజెంటు కువైట్ అంటే సరే అంది. బొంబాయి అంటే సరే అంది. ఎక్కడైనా ఒకటే.

ఎనభైలో కువైట్ విమానంలో పక్క సీటులో జమీలా బీ కూర్చుంది. రాయచోటి టౌను పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. ఎనిమిది నెలల బిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చింది. పాలు ఆగక రవిక తడిసిపోయి, దుప్పటాతో కప్పుకుని ముడుచుకుంది. తిరుపాలమ్మ చూసింది. సంచిలోంచి తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టింది. ఒక్క మాట అడగలేదు. ఆ మౌనాన్ని జమీలా దయ అనుకుంది, అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. అది దయ కాదని తిరుపాలమ్మకు తెలుసు. ఆమెకు అడగాలనిపించలేదు, అంతే.

జమీలా మిష్రిఫ్‌లో ఒక పెద్ద విల్లాలో పనికి చేరింది. ఇంట్లో పన్నెండు మంది. తిరుపాలమ్మ ఏడాది రుమైథియాలో అరబ్బుల ఇంట్లో చేసి, పాత యజమాని రిలీజు కాగితం ఇచ్చాక సాల్మియాకు మారింది. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి మిష్రిఫ్ పోయేది. విల్లా వెనక గేటు పక్కన, కారు షెడ్డు నీడలో ఇద్దరూ రెండు గంటలు కూర్చునేవాళ్ళు. అంతకు మించి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వదిలేది కాదు.

"నిద్ర ల్యాదక్కా," అనేది జమీలా ప్రతిసారీ. "పండుకుంటే చాలు, ఏడుపు ఇనపడతాది. లేసి చూస్తే ఏమీ ఉండదు."

"అరికాళ్ళకు నూనె రాసుకోని పండుకో మే," అనేది తిరుపాలమ్మ. ఎవరి ఏడుపు అని అడిగేది కాదు. రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఎనభై రెండు మే మొదట్లో మేడమ్ రెండు కిలోల మిష్‌మిష్ పండ్లు ఊరేసింది. జూన్ నడిమికి వడగట్టింది. తేనె రంగు రసాన్ని సీసాల్లోకి వంచుకుని, మిగిలిన పండ్లను చెత్తలో వేయమంది. ఊరగాయలో ముక్కలు పారేసి నూనె దాచుకునే మనుషులు ఎక్కడైనా ఉంటారా? చెత్తబుట్ట దాకా పోయి, వెనక్కి తిరిగి, పండ్లను నీళ్ళలో జాడించి, మేడ మీద పాత దుప్పటి పరిచి ఎండబోసింది. మూడు రోజుల్లో తోలు ముడతలు పడి బిగుసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, సారాయి వాసన లేదు. ఒకటి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. అంతకు మించి ఏ రుచీ ఆ నాలుకకు తెలిసి చాలాకాలమైంది.

గుప్పెడు పండ్లు వంటింట్లో ఒక డబ్బాలో పోసి, మిగతావన్నీ సంచిలో వేసుకుని మిష్రిఫ్ పోయింది. నాలుగు రోజుల్లో రంజాన్.

"యాడివక్కా ఇన్ని?" అంది జమీలా.

"మా ఇంట్లోవే. పారెయ్యమంటే ఎండబెట్టినా. తిను, సిక్కిపోతాండావు."

ఫ్లాష్ మాట ఎత్తలేదు. ఆ ఇంటి గుట్టు బయట పెట్టకూడదన్నది ఒకటి. అందులో ఇక ఫ్లాష్ లేదని మనస్ఫూర్తిగా నమ్మడం రెండోది.

జమీలాకు ఖర్జూరం వేడి చేస్తుంది. అందుకని ఆ ఏడాది సాయంత్రం మగ్రిబ్ బాంగు వినపడగానే గుక్కెడు నీళ్ళు తాగి, నాలుగైదు మిష్‌మిష్ పండ్లతో ఉపవాసం విడిచేది. కాస్త ఘాటు తగిలితే పరదేశపు పండు అంతేననుకుంది. తెల్లారకముందు నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని కడుపు, దాని మీద ఆ పండ్లు. రంజాన్ రెండో శుక్రవారం తిరుపాలమ్మ పోయేసరికి గేటు దగ్గరికి నవ్వుతూ ఎదురొచ్చింది. కళ్ళ కింది నలుపు తగ్గింది.

"రంజాన్ బర్కత్ సూడక్కా! పని ముగించి తల ఆనిస్తే సాలు, నిద్ర. తెల్లారుజామున సహరీకి మామా వచ్చి తట్టి లేపల్ల. ఏడుపు ల్యా, ఏమీ ల్యా."

"మంచిదేలే," అంది తిరుపాలమ్మ.

మూడో శుక్రవారమూ అంతే. ఆ పిల్ల పాట కూనిరాగం తీస్తూ కూర్చుంది.

ఆ తర్వాత బుధవారం, మేడమ్ వంటింట్లో దేనికోసమో వెతుకుతూ ఆ డబ్బా మూత తీసింది. ఫోనులో మాట్లాడుతూ ఒకటి, ఇంకొకటి, మరొకటి తిన్నది. ఉన్నట్టుండి ఫోను పెట్టేసి సార్‌ను కేకేసింది. ఆయనా తిని కళ్ళు పెద్దవి చేశాడు. ఇద్దరూ నవ్వారు. మేడమ్ ఒక పండును వేళ్ళతో చీల్చి తిరుపాలమ్మ ముక్కు దగ్గర పెట్టింది. పైన తోలు ఎండింది గానీ లోపల గింజ చుట్టూ పచ్చిగానే ఉంది. గుప్పున కొట్టింది వాసన. "స్ట్రాంగ్!" అని మేడమ్ నాలుగు తింటే చాలన్నట్టు నాలుగు వేళ్ళు చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది.

ఎండ తోలు దాకానే పోయిందని అప్పుడు తెలిసింది తిరుపాలమ్మకు.

మామూలు మనిషైతే ఊరుకునేది. ఇంకో వారంలో పండగ. అప్పటికి సంచి ఖాళీ అవుతుంది. జమీలాకు తెలియదు, తెలిసే దారీ లేదు. చెబితే ఏమవుతుంది? ఆ పిల్ల గోల పెడితే మామా వింటుంది, మామా వింటే పోలీసులు, సార్ చూపించిన బేడీలు. అదంతా జరక్కపోయినా జమీలా మళ్ళీ ముఖం చూడదు. అక్కా అని పిలిచే నోరు ఆ దేశంలో అదొక్కటే ఉంది. తిరుపాలమ్మ ఇవన్నీ ఆలోచించి, చెప్పకూడదనే అనుకుంది. గురువారం పొద్దున అల్మారా తీసి జాడీలు ఊపింది. మూడో జాడీ ఊపుతుండగా చెయ్యి ఆగిపోయింది. సంతలో సారాయి అమ్మినవాడు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుని పోసి ఉంటాడు. రేపటి నుంచి ఆ పిల్ల తినే ప్రతి పండూ తాను తెలిసి పెట్టిందే అవుతుంది. జాడీ లోపల పెట్టి తలుపు మూసింది.

శుక్రవారం గేటు దగ్గర కూర్చోకుండానే అంది.

"ఆ పండ్లు ఇంగ తినొద్దు మే."

"ఏమక్కా? పురుగు పట్టిందా?"

"అవి సారాయిలో ఊరేసినవి. మా మేడమ్ చేస్తాది. ఎండకు పోయిందనుకోని నీకిచ్చినా. పోల్యా. లోపల అట్లే ఉండాది."

జమీలా ముందు నవ్వింది, ఎగతాళి అనుకుంది. తిరుపాలమ్మ ఎగతాళి చేయగా ఆమె ఎన్నడూ చూడలేదు. నవ్వు ఆగిపోయింది. "తోబా, తోబా" అంటూ లేచి, మొక్కలకు నీళ్ళు పట్టే కొళాయి దగ్గరికి పరిగెత్తింది. ఉపవాసం గనక నీళ్ళు మింగకూడదు. పుక్కిలించి ఉమ్మింది, మళ్ళీ పుక్కిలించి ఉమ్మింది. వేలితో నాలుక రుద్దుకుంది. దుప్పటా తడిసిపోయింది. తిరుపాలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. తిడితే తిట్టనీ అనుకుంది, కొట్టినా పడదామనుకుంది.

జమీలా తిట్టలేదు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"తెలీక తింటే తప్పు ల్యాదంట. అల్లా మాఫీ చేస్తాడు. దానికి కాదులే అక్కా."

"మరి దేనికి?"

"ఈ రంజాన్‌లో దువా చేస్తిని. డబ్బు అడగల్యా, ఊరికి పంపమని అడగల్యా. రవంత నిద్ర ఇయ్యి సామీ అని అడిగితి. మూడో దినానికే నిద్ర పట్టె." దుప్పటా కొంగు పిండుకుంది. "అల్లా ఇన్నాడనుకుంటి గదక్కా."

జమీలా లోపలికి పోయి సంచి తెచ్చి చేతిలో పెట్టింది. సగానికి పైగా ఖాళీ అయింది. ఇంట్లోంచి "యల్లా జమీలా!" అని మామా కేక వినిపించింది. తిరుపాలమ్మ వీధి చివర ఇనుప చెత్తతొట్టిలో సంచి పడేసి బస్సెక్కింది. బస్సులో రొమ్ము కింద ఎక్కడో పట్టేసినట్టు నొప్పి. గ్యాసు అనుకుంది. ఇంటికొచ్చి వాము నమిలింది, తగ్గలేదు.

మర్నాడు మళ్ళీ జాడీలు ఊపింది. ఉద్యోగం ఉద్యోగమే. ఆ నెలలో దానిమ్మ గింజలు వడగట్టినప్పుడు మాత్రం, మేడమ్ చెప్పకముందే పిప్పి పట్టుకుపోయి పాయిఖానాలో పోసి నీళ్ళు వదిలింది.

పండగ వారం జమీలాకు తీరిక దొరకలేదు. తర్వాతి శుక్రవారం గేటు తెరుచుకోలేదు. తిరుపాలమ్మ రెండు గంటలు ఎండలో నిలబడి వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాతి శుక్రవారం జమీలా వచ్చింది. మనిషి సగమైంది. కళ్ళు లోపలికి పోయి, పెదాలు పగిలి ఉన్నాయి. షెడ్డు నీడలో కూర్చుంది.

"మీ మేడమ్ ఇంగా ఊరేస్తాండాదా?" అంది.

"ఏంటికి?"

"ఊరికే." తల ఎత్తకుండా అంది. "ఒక్కటక్కా. పండు లాంటిదే గదా, మందు కాదు గదా. రాత్రిపూట ఒక్కటి. ఎవురికీ తెలీదు. పైనోడు ఎట్లాగూ ఇనల్యా."

తిరుపాలమ్మకు ఏం జరిగిందో ఆమెకే తెలియదు. చెయ్యి లేచి జమీలా వీపు మీద పడింది. మళ్ళీ పడింది. అలాంటి కోపం తనలో ఉందని ఆమెకు తెలియదు. "ఇయ్యను! సచ్చినా ఇయ్యను! ఇంగొక తూరి అడిగితే సంపేస్తా!" అని అరిచింది. తన అరుపు తనకే కొత్తగా వినిపించింది. జమీలా దెబ్బలు తప్పించుకోలేదు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. తిరుపాలమ్మ రొప్పుతూ ఆమె పక్కన కూలబడింది.

"ఎవురిది మే ఆ ఏడుపు?" అంది.

"తెల్సు గదక్కా."

"తెల్దు. నేనెప్పుడు అడిగితి? ఒక్కనాడన్నా అడిగితినా? ఇప్పుడు అడుగుతాండా, చెప్పు. పాపకు పేరేం పెట్టినారు?"

జమీలా తల ఎత్తింది. రెండేళ్ళలో ఆ దేశంలో ఎవరూ వేయని ప్రశ్న అది.

"షాహజాది," అంది.

"ఎట్లుంటాది?"

"నా మాదిరే అంట. జుట్టు ఒత్తుగా ఉండె. కుడి చెవి ఎనక మచ్చ." వేలితో తన చెవి వెనక చూపించింది. "అప్పుడు కూసునేది, పాకేది కాదు. ఇప్పుడు నడుస్తాంటాది. మాట్లాడతాంటాది. మా యమ్మనే అమ్మా అంటాదేమో. ఇప్పుడెట్లుంటాదో నాకు తెల్దక్కా. నాకు తెల్దు."

అని బావురుమంది. తిరుపాలమ్మ ఆమెను దగ్గరికి లాక్కుంది. ఊరుకో అని చెప్పబోయి, తనే ఏడ్చింది. మామూలుగా కాదు, నేలకేసి కొట్టుకుంటూ, పల్లెలో శవం దగ్గర ఏడ్చే ఏడుపు ఏడ్చింది. వీధిలో పోయే కారు ఒకటి నెమ్మదించి చూసి వెళ్ళిపోయింది.

వెనక గేటు తెరుచుకుంది. ఆ గోల విని మామా చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. ఊరి నుంచి చావు కబురేమైనా వచ్చిందా అని అరబ్బీలో అడిగింది. లేదని జమీలా తల ఊపింది. మరి ఎందుకీ ఏడుపు అంది మామా. జమీలా దుప్పటాతో ముఖం తుడుచుకుని, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, నా కూతురు మామా, షాహజాది అని చెప్పింది.

మామా ఆమె వైపు, తిరుపాలమ్మ వైపు, మళ్ళీ ఆమె వైపు చూసింది.

"నీకు కూతురుందా?" అంది.